రైక్‌కి అంత పేరు, గిండ్లర్‌కి ఏదీ?

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు యోగా మ్యాట్ మీద పడుకుని "మీ చిన్నప్పటి ట్రామా అంతా మీ తుంటి కండరాల్లో ఇరుక్కుపోయి ఉంది, రోజూ ఈ స్ట్రెచ్ చేయండి, మొత్తం రిలీజ్ అయిపోతుంది" అంటున్నారు. ఇంగ్లీషులో ఎప్పట్నుంచో ఉన్న గోలే, ఇప్పుడు తెలుగు రీల్స్‌లోకి కూడా దిగింది, హైదరాబాద్‌లో అయితే వీకెండ్ వర్క్‌షాపులు కూడా నడుస్తున్నాయి. ఇదంతా నిన్నమొన్న పుట్టిందేం కాదు, దీని వెనక వందేళ్లకి పైగా చరిత్ర ఉంది, అది చదివేకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ముందే చెప్పేస్తా, తర్వాత మీరు తిట్టుకోండి. శరీరం వైపు నుంచి మనసుకి వైద్యం చెయ్యడం అనే ఈ సంప్రదాయంలో పనికొచ్చే సరుకంతా దాదాపుగా డాక్టర్ల నుంచి రాలేదు, బెర్లిన్‌లోని ఎల్సా గిండ్లర్ లాంటి, పుస్తకాలు పెద్దగా రాయని కొంతమంది వ్యాయామం టీచర్ల నుంచి, ఫిజియోథెరపిస్టుల నుంచి వచ్చింది, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. పేరు మాత్రం వియన్నా డాక్టర్ విల్‌హెల్మ్ రైక్‌కి పోయింది, ఆయనతో పాటు ఆయన పొరపాట్లు కూడా మనదాకా వచ్చేశాయి.

నిజానికి రైక్ కూడా మొదటివాడు కాదు. ఫ్రాన్స్‌లో పియర్ జానే 1889లోనే తన పెద్ద పుస్తకం వేశాడు, షాక్ తిన్న మనుషుల ఊపిరి ఎలా బిగుసుకుంటుందో, కండరాలు ఎలా పట్టేస్తాయో ఆయన గమనించాడు, మసాజ్ కూడా వాడాడు. సైకోఅనాలిసిస్ (మాటలతో మనసుని తవ్వి చేసే వైద్యం) మొదలుపెట్టిన ఫ్రాయిడ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మొదట్లో ఆయనా పేషెంట్లని ముట్టుకునేవాడే, నుదుటి మీద చెయ్యి పెట్టి నొక్కి "ఇప్పుడు ఏం గుర్తొస్తోంది చెప్పు" అనేవాడు, 1895లో సాటి డాక్టర్ బ్రాయర్‌తో కలిసి వేసిన పుస్తకంలో కాళ్ల నొప్పులతో వచ్చిన ఒకావిడ కేసు ఉంటుంది, మాటల మధ్యలో అసలు విషయం దగ్గరపడేసరికి ఆవిడ కాళ్ల నొప్పి ఎక్కువయ్యేదట, అంటే నొప్పి కూడా సంభాషణలో కలిసిపోయేది. ఇంత గమనించినవాడు తర్వాత ముట్టుకోవడమే మానేసి, పేషెంటుని సోఫాలో పడుకోబెట్టి తాను వెనకాల కనపడకుండా కూర్చోవడం మొదలుపెట్టాడు. 1923లో మళ్లీ ఆయనే "అహం అనేది మొట్టమొదట దేహానిదే" అనే అర్థంలో రాస్తాడు కానీ ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోయింది, గదిలోకి రాలేదు. శిష్యుల్లో ఫెరెన్సీ కాస్త హద్దు దాటబోతే, పేషెంటు ముద్దు పెట్టుకుంటే ఒప్పుకున్నాడన్న విషయం మీద 1931 చివర్లో ఫ్రాయిడ్ నుంచి ఘాటైన ఉత్తరం వచ్చింది. ఆ విషయంలో నేను ఫ్రాయిడ్ పక్షమే, ఎందుకో చివర్లో చెప్తా.

ఇక రైక్. 1897లో ఆస్ట్రియా-హంగరీ గలీషియాలో పుట్టాడు, అమ్మ ఆత్మహత్య చేసుకుంది, నాన్న 1914లో పోయాడు, మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వియన్నాకి వచ్చి మెడిసిన్‌లో చేరాడు, ఇంకా చదువు అవ్వకుండానే 1920లో ఫ్రాయిడ్ గారి సంఘంలో సభ్యుడైపోయాడు. 1922లో వియన్నాలో డబ్బులు లేనివాళ్ల కోసం ఒక ఉచిత మానసిక వైద్యశాల తెరిచారు, రైక్ అక్కడ ఏళ్ల తరబడి పనిచేశాడు. నాకు రైక్ మీద గౌరవం ఉన్నది ఇక్కడే. డబ్బున్న ఇళ్లలోంచి వచ్చేవాళ్లు గంటలు గంటలు మాట్లాడగలరు, కూలీలు, ఫ్యాక్టరీ పనివాళ్లు అలా మాట్లాడరు కదా, కాబట్టి మనిషి ఏం చెప్తున్నాడు అన్నదానికన్నా ఎలా చెప్తున్నాడు, కూర్చోవడం ఎలా ఉంది, దవడ ఎలా బిగించాడు, నవ్వు ఎక్కడ వచ్చింది, ఇవి చూడాలి అన్నాడు (కూలీలు కాబట్టే ఇది తట్టిందని ఆయన అన్లేదు, ఇది నా ఊహ). 1933లో వచ్చిన ఆయన పుస్తకం ఈ గమనింపు మీదే నిలబడింది. ఇవాళ ఏ మంచి థెరపిస్టు అయినా, బాడీ థెరపీ అంటే పడనివాళ్లు కూడా, ఈ పద్ధతి వాడతారు, వాడుతున్నామని తెలియకుండానే.

అదే 1933లో నాజీల నుంచి తప్పించుకుని డెన్మార్క్ చేరాడు. కోపెన్‌హాగెన్‌లో మెడ కర్రలా బిగుసుకుపోయిన ఒక పేషెంటు వచ్చాడు, ఆ బిగువు సడలగానే మూడు రోజులపాటు ముఖం రంగులు మారడం, తలనొప్పి, విరేచనాలు, ఇలా ఒళ్లంతా అల్లకల్లోలం అయిపోయిందని రైక్ రాసుకున్నాడు. అక్కడ్నుంచే ఆయనకి మనసులో అణిచేసినది కండరాల్లో కవచంలా గట్టిపడుతుంది అన్న ఆలోచన బలపడింది. కళ్ల నుంచి కటి దాకా ఏడు పట్టీలుగా ఆ కవచాన్ని విడగొట్టాడు, ఒక్కోదాన్ని ఊపిరితోనూ చేత్తో నొక్కడంతోనూ వదిలించుకుంటూ కిందకి రావాలన్నాడు. 1934లో అంతర్జాతీయ సైకోఅనాలిసిస్ సంఘం ఆయన్ని బయటికి పంపేసింది, అంతకుముందే కమ్యూనిస్టులూ గెంటేశారు, ఓస్లో వెళ్లి 1939 దాకా అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తా. అమెరికా వెళ్లాడు, విశ్వమంతా ఓర్గోన్ అనే ఎనర్జీ నిండి ఉందన్నాడు, దాన్ని పట్టే పెట్టెలు కట్టాడు, లోపల రేకు, బయట చెక్కలాంటివి, మనిషి అందులో కూర్చోవాలి. 1941 జనవరిలో ప్రిన్స్‌టన్ వెళ్లి ఐన్‌స్టీన్‌ని కూడా కలిశాడు, పెట్టె మీద వేడి కాస్త ఎక్కువ చూపిస్తోంది చూడండి అని, ఐన్‌స్టీన్ పరీక్షించి, అది గదిలో గాలి కదలిక వల్ల వచ్చే తేడా అంతే అని తేల్చాడు, రైక్ ఒప్పుకోలేదు. 1954లో కోర్టు ఆ పెట్టెల్ని ఆపమంది, ఆపలేదు, రెండేళ్ల జైలు పడింది, 1956లో ప్రభుత్వం ఆయన పుస్తకాల్ని టన్నుల కొద్దీ తగలబెట్టించింది (జర్మనీలో నాజీలు నిషేధించిన మనిషి పుస్తకాలే, మళ్లీ అమెరికాలో, సిగ్గుచేటు), 1957 నవంబర్ 3న జైల్లోనే గుండె ఆగి పోయాడు. ఇలాంటి చావు వచ్చిన మనిషిని విమర్శించడం కష్టం, విమర్శిస్తే ఆ పుస్తకాలు తగలబెట్టినవాళ్ల పక్కన నిలబడినట్టు ఉంటుంది. ఆయన ఆలోచనలకి చాలాకాలం దక్కిన రక్షణ అదే అనుకుంటా, సాక్ష్యం అడిగితే "ఆయన్ని కూడా ఇలాగే అడిగి చంపేశారు" అంటారు.

సరే, ఇప్పుడు బెర్లిన్ వెళ్దాం. ఎల్సా గిండ్లర్ 1885లో పుట్టింది, కూలి కుటుంబం, వ్యాయామం నేర్పే టీచరు. ఆ రోజుల్లో జర్మనీలో వ్యాయామం అంటే ఒక పెద్ద ఉద్యమం, కానీ మిగతావాళ్లు అందరిచేతా ఒకే కసరత్తు ఒకేలా చేయిస్తుంటే ఈవిడ అసలు చేసి చూపించడమే మానేసింది. కుర్చీలోంచి లేవండి, లేచేటప్పుడు ఊపిరి బిగబడుతున్నారా చూసుకోండి, అంతే. మళ్లీ కూర్చోండి. ఇప్పుడు? ఆవిడకి వయసులో క్షయ వచ్చిందని, జబ్బు ఉన్న ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తూ రెండోదాంతో ఊపిరి తీసుకోవడం నేర్చుకుని బాగుపడిందని శిష్యులు చెప్పుకుంటారు, వైద్యపరంగా అది ఎంతవరకు నిజమో పక్కన పెట్టండి, ఆవిడ గమనింపు ఏ స్థాయిలో ఉండేదో మాత్రం అర్థమవుతుంది. 1926లో ఒక వ్యాసం వేసింది, పనిచేసి బతికే మనుషుల వ్యాయామం గురించి, చెప్పుకోదగ్గ రచన అదొక్కటే. తన పద్ధతికి పేరు పెట్టలేదు, సర్టిఫికెట్ కోర్సు పెట్టలేదు. నాజీల కాలంలో బెర్లిన్‌లోనే ఉండి తరుముతున్న మనుషులకి సాయం చేసింది, యుద్ధం ఆఖర్లో ఆవిడ స్టూడియో, ఫొటోలు, కాగితాలు అన్నీ కాలిపోయాయి. 1961లో పోయింది. అందుకే ఆవిడ గురించి రాయడానికి దొరికేది ఇంతే, రైక్ గురించి అయితే బీరువాలు బీరువాలు ఉన్నాయి.

ఇద్దరికీ సంబంధం లేదనుకోకండి. రైక్ స్నేహితుడు, తర్వాత శత్రువు అయిన ఓటో ఫెనికెల్ అనే సైకోఅనలిస్టు భార్య పేరు క్లేర్, ఆవిడ గిండ్లర్ శిష్యురాలు, ఆ ఫెనికెలే 1920ల్లో కండరాల బిగువు గురించి రాశాడు. 1932లో రైక్‌తో కలిసి బతకడం మొదలుపెట్టిన ఎల్సా లిండెన్‌బర్గ్ నాట్యకారిణి, ఆవిడా గిండ్లర్ పని తెలిసిన మనిషే, రైక్‌తో ఓస్లో వెళ్లింది. సోఫా మీద మాటలు వింటూ కూర్చున్న డాక్టరు ఉన్నట్టుండి ఊపిరి చూడటం, మెడ చూడటం మొదలుపెట్టిన సంవత్సరాలూ ఇవే. ఇది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను. ఆ ఇళ్లల్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి రుజువు చూపించలేను, కానీ ఇళ్లల్లో ఆడవాళ్లకి తెలిసిన పని మగవాళ్ల పుస్తకంలో సిద్ధాంతంగా తేలడం మనకేం కొత్త కాదు కదా.

ఓస్లోలో రైక్ వెళ్లిపోయాక జరిగింది నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన భాగం. రైక్ ప్రభావం ఉన్న మానసిక వైద్యుడు ట్రిగ్వే బ్రాటోయ్, ఆడెల్ బ్యూలో-హాన్సెన్ అనే ఫిజియోథెరపిస్టుతో కలిసి 1940ల చివర్లో పనిచేశాడు. ఆవిడ గమనించింది ఏంటంటే, పిక్క కండరం గట్టిగా నొక్కితే మనిషి వెంటనే ఊపిరి లాక్కుంటాడు, కాళ్ల బిగువు సడలితే ఆవలింత వస్తుంది, దవడ సాగుతుంది, ఊపిరి దానంతటదే లోతుగా అవుతుంది. కాబట్టి ఎక్కడ నొప్పి ఉందో అక్కడే నొక్కుతూ కూర్చోకుండా మొత్తం ఒళ్లు చూడాలి, ఊపిరి ఏం చెప్తుందో చూస్తూ పోవాలి, ఊపిరి బిగబట్టాడంటే నువ్వు తొందరపడ్డావని అర్థం, ఆగిపో. ఇదీ ఆవిడ పద్ధతి. విశ్వశక్తి లేదు, ఏడు పట్టీలు లేవు. బ్రాటోయ్ 1953లో పోయాడు, ఆవిడ మాత్రం దశాబ్దాలపాటు నేర్పుతూనే ఉంది, ఇవాళ్టికీ నార్వేలో సైకోమోటార్ ఫిజియోథెరపీ పేరుతో అది మామూలు ఆరోగ్య వ్యవస్థలో భాగం. ఆవిడ దగ్గరే నేర్చుకున్న గెర్డా బోయెసెన్ 1969లో లండన్ వెళ్లింది, మసాజ్ చేస్తూ పేషెంటు పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు వినేది, గుడగుడ వస్తే మనిషి సడలుతున్నట్టు లెక్క. అంతవరకు బాగానే ఉంది, ఒళ్లు నెమ్మదించినప్పుడు జీర్ణవ్యవస్థ పనిచేయడం నిజమే, కానీ ఆ పేగులు మనోభావాల్ని కూడా అరిగిస్తాయని ఆవిడ సిద్ధాంతం కట్టింది, అక్కడ నాకు తల తిరిగింది. ఆడవాళ్లందరూ ఆగిపోవాల్సిన చోట ఆగారని నేను అనట్లేదు.

అమెరికాలో దారి వేరేగా పోయింది. రైక్ దగ్గర చికిత్స తీసుకున్న అలెగ్జాండర్ లోవెన్, జాన్ పియెరాకోస్‌తో కలిసి 1956లో న్యూయార్క్‌లో బయోఎనర్జెటిక్స్ అనే బాడీ థెరపీ సంస్థ పెట్టాడు. మంచి విషయం ఏంటంటే పడుకోబెట్టిన పేషెంటుని లేపి నిలబెట్టాడు, నీ కాళ్ల మీద నువ్వు నిలబడినట్టు తెలుస్తోందా అని అడిగాడు. చెడ్డ విషయం, మోకాళ్లు వంచి ముందుకి వాలి నిలబెడితే తొడలు వణుకుతాయి కదా, ఆ వణుకుని ఎనర్జీ ప్రవాహం అన్నాడు. ఎవరినైనా అలా నిలబెట్టండి, వణుకుతారు, కండరం అలిసిపోతే వణకడం దాని లక్షణం. ఇంకోపక్క బెర్లిన్‌లో రైక్ దగ్గర అనాలిసిస్ చేయించుకున్న ఫ్రిట్స్ పెర్ల్స్ కాలిఫోర్నియాలో ఎసలెన్ అనే రిట్రీట్ సెంటర్‌లో గెస్టాల్ట్ అనే తన థెరపీ గ్రూపులు నడిపాడు, అదే ఎసలెన్‌లో 1963 నుంచి గిండ్లర్ శిష్యురాలు షార్లెట్ సెల్వర్ కూడా నేర్పింది, పెర్ల్స్ కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు. ఒకే కొండ మీద ఒక హాల్లో దిండ్లు బాదుతూ కేకలు, ఇంకో హాల్లో జనం ఒక రాయి చేతిలో పట్టుకుని బరువు గమనిస్తూ నిశ్శబ్దం. ఏది అమ్ముడుపోయిందో వేరే చెప్పాలా.

మన దేశంలోకి వచ్చింది కూడా ఆ కేకల పాయే, పుణె ద్వారా. ఓషో 1970లో మొదలుపెట్టిన డైనమిక్ ధ్యానం చూడండి, పది నిమిషాలు ఇష్టమొచ్చినట్టు వేగంగా ఊపిరి, పది నిమిషాలు ఏడుపో అరుపో ఏదొస్తే అది, తర్వాత ఎగురుతూ హూ హూ, ఆ తర్వాత నిశ్చలం. మొదటి రెండు మెట్లు రైక్ వాసన కొట్టట్లేదని ఎవరైనా అనగలరా, ఆయన ప్రసంగాల్లో రైక్‌ని పొగిడినవాడే. 1974లో పుణె ఆశ్రమం వచ్చాక పాశ్చాత్య థెరపిస్టులు అక్కడ గ్రూపులు నడిపారు, వాటిల్లో కొట్టుకోవడాలు కూడా ఉండేవి, 1978లో ఎసలెన్ స్థాపకుల్లో ఒకడైన రిచర్డ్ ప్రైస్ వచ్చి ఆ హింస చూసి కలతపడి వెళ్లిపోయాడు. కేకలు పెట్టించే చోటు నుంచి వచ్చిన మనిషే తట్టుకోలేకపోయాడంటే చూడండి.

ఈ అరుపుల వైద్యం వెనకున్న బొమ్మ ఒకటే, మనిషి ప్రెషర్ కుక్కర్, ఆవిరి వదలకపోతే పేలుతుంది. వినడానికి ఎంత బాగుంటుందో. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 600 మంది కాలేజీ పిల్లలకి కోపం తెప్పించి, కొందరిచేత ఆ కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దించాడు, కొందరిచేత ఒంటికి మంచిదనుకుంటూ గుద్దించాడు, కొందర్ని ఊరికే కూర్చోబెట్టాడు. తలుచుకుంటూ గుద్దినవాళ్ల కోపమే అందరికన్నా పెరిగింది, ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం. నేను వెళ్లిన వర్క్‌షాపులో (పేరెందుకు లెండి, సిటీ బయట ఒక ఫామ్‌హౌస్) సరిగ్గా ఇదే బ్యాచ్, మోకాళ్లు వంచి నిలబెట్టి వణికించారు, నా పక్కన ఉన్న ఒకావిడ కుప్పకూలి ఏడవడం మొదలుపెడితే ట్రైనర్ చప్పట్లు కొట్టించి "చూశారా, రిలీజ్" అన్నాడు, తర్వాత లంచ్ బ్రేక్. ఆవిడ దగ్గరికెళ్లి నీళ్లు కావాలా అని అడిగింది వంటమనిషి. ఏడిస్తే మనసు తేలికపడదని కాదు, పడుతుంది, పక్కన ఎవరైనా ఉంటే పడుతుంది, జనం మధ్యలో ప్రదర్శన పెడితే కాదు.

ఇక "ట్రామా కండరాల్లో నిలవ ఉంటుంది" అన్న మాట. బెస్సెల్ వాన్ డెర్ కోక్ అనే సైకియాట్రిస్టు 1994లో ఒక పేపరు, 2014లో అదే పేరుతో ఒక పుస్తకం వేశాడు, శరీరం లెక్క రాసి పెట్టుకుంటుంది అని అర్థం వచ్చే పేరు, అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది. పుస్తకం లోపల ఆయన ఎక్కువగా మాట్లాడేది మెదడు గురించి, నాడుల గురించే, జనం మాత్రం పేరు చదివి తుంటి దగ్గర ఆగిపోయారు. కండరానికి జ్ఞాపకం పెట్టుకునే శక్తి లేదండీ. మెడ బిగుసుకునేది నాడుల ద్వారా వచ్చే సంకేతం వల్ల, ఆపరేషన్ టేబుల్ మీద మత్తుతో పాటు కండరాలు సడలే మందు ఇచ్చాక ఎంత భయస్థుడి మెడ అయినా మెత్తబడిపోతుంది, అంతటి కవచమూ ఎటుపోయింది? మెలకువ రాగానే మళ్లీ బిగుస్తుంది, ఎందుకంటే కాపలా కాస్తున్నది మెదడు. ఇది ఊరికే మాటల పట్టింపు కాదు, తేడా ఎక్కడొస్తుందంటే, ఒళ్లు అబద్ధం చెప్పదు అని నమ్మే థెరపిస్టు మీ పొత్తికడుపులో బిగువు చూసి "చిన్నప్పుడు నీకేదో జరిగింది, నీకు గుర్తులేదు అంతే" అనేస్తాడు. అమెరికాలో 1980లు, 90ల్లో ఇలా తవ్వి తీసిన జ్ఞాపకాలతో ఎన్ని కుటుంబాలు కోర్టులకెక్కాయో, అందులో ఎన్ని తర్వాత నిలబడలేదో, ఆ చరిత్ర వేరే ఉంది. నిజంగా దెబ్బతిన్నవాళ్లకి కూడా ఆ గొడవ వల్ల నష్టమే జరిగింది.

మరి ఇదంతా పనిచేస్తుందా లేదా అంటే, ట్రయల్స్ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 275 మందిని రెండుగా విడగొట్టి, ఒక సగానికి గ్రూపుల్లో బాడీ సైకోథెరపీ, ఇంకో సగానికి అదే టైమ్ పైలాటెస్ వ్యాయామం ఇచ్చారు, 2016లో ఫలితం వచ్చింది, ఉత్సాహం పోవడం, ముఖంలో భావం లేకపోవడం లాంటి లక్షణాల్లో పట్టించుకోదగ్గ తేడా లేదు. థెరపీ అభిమానులు ఈ ట్రయల్ గురించి మాట్లాడరు. ఇంకోపక్క 2014లో చికిత్సకి లొంగని పీటీఎస్‌డీ (పెద్ద షాక్ తర్వాత వదలకుండా వెంటాడే మానసిక జబ్బు) ఉన్న 64 మంది ఆడవాళ్ల మీద యోగా ట్రయల్, యోగా చేసినవాళ్లలో 52 శాతం మంది, ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లలో 21 శాతం మంది ఆ జబ్బు ఉందనే నిర్ధారణ హద్దు నుంచి బయటపడ్డారు. ఇది చేసింది వాన్ డెర్ కోక్ బృందమే. ఆ యోగాలో కేకలు లేవు, కవచం పగలగొట్టడాలు లేవు, "ఇప్పుడు పాదం నేల మీద ఎలా ఉంది, వద్దనుకుంటే ఆపేయండి" అనే తరహా సూచనలు. అంటే ఏ పేరు పెట్టుకున్నా లోపలున్నది గిండ్లర్ కుర్చీ పాఠమే. చిన్న ట్రయల్, ఒప్పుకుంటా. కానీ పనిచేసిన చోటల్లా ఈ నెమ్మదైన గమనింపే కనిపిస్తోంది నాకు.

రైక్ లేకపోతే ఇవేవీ ఉండేవి కావు కదా అని ఒక ఫ్రెండ్ వాదించాడు, సైకోఅనాలిసిస్ లోపల నిలబడి శరీరం గురించి మాట్లాడే ధైర్యం ఆయనదే కదా అని. ఆ ధైర్యం ఒప్పుకుంటా, బ్రాటోయ్ కూడా ఆయన్ని చదివే ఇటు వచ్చాడు. కానీ ధైర్యం ఉన్నవాడికి తనని తాను పరీక్షించుకునే అలవాటు కూడా ఉండాలి, ఐన్‌స్టీన్ చెప్పినా వినని మనిషి పేషెంటు చెప్తే వింటాడా? బ్యూలో-హాన్సెన్ పద్ధతిలో పేషెంటు ఊపిరే ఆవిడ తప్పుని పట్టిస్తుంది.

మన దగ్గర సంగతికొస్తే, మన జనానికి మనసూ ఒళ్లూ ఒకటే అని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టు, గ్యాస్, తల దిమ్ము, ఒళ్లంతా తిమ్మిర్లు, ఇవే పట్టుకుని ఆర్‌ఎంపీ నుంచి గ్యాస్ట్రో డాక్టర్ దాకా తిరుగుతారు, ఈసీజీ, ఎండోస్కోపీ అన్నీ నార్మల్ వస్తాయి, చివరికి "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో చెప్పేవాడు ఉండడు. సరిగ్గా ఆ ఖాళీలోకే ఈ రిట్రీట్లవాళ్లు దూరుతున్నారు. అక్కడ ఉండాల్సింది నార్వే తరహా ఫిజియోథెరపిస్టు, జిల్లా ఆసుపత్రిలో, మోకాళ్లతో పాటు ఊపిరి కూడా చూసే మనిషి, పక్క గదిలో సైకియాట్రిస్టు. మనకి ఏటా ఎంతమంది పిల్లలు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి బయటికొస్తున్నారు, వాళ్లకి ఈ శిక్షణ ఇవ్వడానికి విశ్వశక్తి అక్కర్లేదు, సిలబస్‌లో చోటు చాలు.

ముట్టుకోవడం గురించి చెప్తానన్నా కదా. ఈ వైద్యంలో చెయ్యి వేయడం ఉంటుంది, రైక్ పేషెంట్ల బట్టలు కూడా చాలావరకు తీయించేవాడు, మనసు విప్పి పెట్టిన మనిషి థెరపిస్టు ముందు ఎంత బలహీనంగా ఉంటుందో ఆలోచించండి, అందుకే ఫెరెన్సీ విషయంలో ఫ్రాయిడ్ పక్షం అన్నా. యూరప్‌లో 1988లో ఈ థెరపిస్టులందరికీ ఒక సంఘం ఏర్పడింది, నీతి నియమావళి, శిక్షణ ప్రమాణాలు పెట్టుకున్నారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ పెట్టాలంటే 1992 చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి, సొమాటిక్ కోచ్ (ఒంటి ద్వారా మనసుని బాగుచేస్తాననేవాడు) అని బోర్డు పెట్టుకోవడానికి ప్రింటింగ్ షాపువాడు ఉంటే చాలు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిదానికి వెళ్తానంటే ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగమనండి, ముట్టుకుంటారా, ఎక్కడ, ఎందుకు, వద్దంటే ఆపుతారా అని అడగమనండి, సెషన్ మధ్యలో ఎవరికైనా బాగోకపోతే ఏ డాక్టరుకి ఫోన్ చేస్తారో కూడా అడగమనండి. నేను వెళ్లిన చోట ఇది అడిగితే "మీరు రెసిస్ట్ చేస్తున్నారు, అది కూడా మీ కవచమే" అన్నారు.